కింది మూల ఎర్ర చుక్క

జూలై 3

పిచ్చుకకి వదిన రాసేది,

నీ కన్ను ఎలా ఉంది? ముందు అది రాయి. మందు మూడు పూటలా వేసుకుంటున్నావా, పోయినసారిలా సీసా కనపడలేదని రెండు రోజులు మానేశావా? మోకాలు ఎలా ఉంది? మీ పై వాటా ఆవిడకి ఆయాసం తగ్గిందా? ఆవిడ మొగుడు మెట్ల మీద జారాడన్నావు, లేచి తిరుగుతున్నాడా, ఇంకా మంచం మీదేనా? మీ కుంటి పిల్లి పాలు తాగుతోందా? నా సంగతి అడగకు. బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తురాక నిన్న రెండోసారి వేసుకున్నాను. సాయంత్రం దాకా నాడి పట్టుకుని కూర్చున్నాను. బతికే ఉన్నాను.

నీకు కనపడాలని ఈ లావు పెన్నుతో, పేజీకి పది లైన్లే రాస్తున్నాను. కవరు ఉబ్బిపోతోంది. పోస్టాఫీసు ఆవిడ "ఏంటమ్మా, పుస్తకం పంపిస్తున్నారా" అని నవ్వుతుంది. నాది మూడో తరగతి చదువు, తప్పులుంటే దిద్దుకో. నువ్వేమో ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఊరందరి మాటలూ చెవిలో పోసుకున్నానని, రిటైరయ్యాక ఫోను ముట్టనని కూర్చున్నావు. నాకా ఫోన్లో సగం వినపడదు. మనిద్దరికీ పోస్టుమానే గతి.

అసలు విషయం. మీ అన్నయ్య పనిచేసిన కంటి ఆసుపత్రిలో పాత వస్తువులకని ఒక గది తెరుస్తున్నారట. అక్కడ కంటి లోపలి ఫోటోలు మొట్టమొదట తీసింది ఆయనే కదా. ఆయన ఫోటో గోడకి పెట్టి, ఆయన తీసిన రంగుల స్లైడ్లు వెలుగు పెట్టెల మీద పరుస్తారట. ఆ గది చూసే అమ్మాయి ఇంటికొచ్చి ఎంత మర్యాదగా అడిగిందో. "అమ్మమ్మా, ఉన్నవన్నీ ఇవ్వండి, శుభ్రం చేసి, నకలు తీసి మళ్ళీ ఇచ్చేస్తాం" అంది. నేను సరే అన్నాను. అప్పట్నుంచీ భయం. మళ్ళీ ఇవ్వకపోతే? దారిలో వానకి తడిస్తే? ఆ అమ్మాయి స్కూటరు మీద పోతుంటే డబ్బా జారితే?

బీరువా అడుగున ఉన్న రేకు డబ్బాలు తీశాను. నాలుగింటిలో బూజు పట్టింది. మామూలు బూజు కాదు, బొమ్మ మీద సాలెగూడులా సన్నటి పోగులు. గుడ్డ పెట్టి తుడవబోతే ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. తుడిస్తే రంగు కూడా ఊడి వస్తుందట. గాలి బుడ్డితో ఊదాలట, తేమ పీల్చే గుళికల పొట్లాలు డబ్బాలో పెట్టాలట. మీ అన్నయ్యకి ఇవన్నీ తెలుసు. నాకు తెలిసిందల్లా ఫిల్ము చుట్టలు ఫ్రిజ్జులో పాలగిన్నె పక్కన పెట్టేవారని, నేను తలుపు ఎక్కువసేపు తీసి ఉంచితే అరిచేవారని. గుర్తుందా నీకు? మామూలు ఫోటో అయితే వెలుతురు తప్పినా కడిగేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్ ఫిల్ముకి ఆ దారి లేదు. కెమెరాలో పడ్డదే బొమ్మ. ఒక్కటే ఉంటుంది, దానికి రెండోది ఉండదు. పోస్టులో పంపితే మూడు వారాలకు కడిగి వచ్చేది. ఆ మూడు వారాలూ మీ అన్నయ్య నిద్రాహారాలు మానేసేవారు.

చుట్టగానే పంపించమనేవారు. వాళ్ళు కత్తిరించి ఫ్రేములు వేస్తే గీతలు పడతాయని ఆయన భయం. పెళ్ళయిన కొత్తలో ఆ పని నాకు నేర్పారు. తెల్లగుడ్డ చేతి తొడుగులు వేసుకుని, భోజనాల బల్ల మీద ఒక్కో బొమ్మా కత్తిరించి, అట్ట ఫ్రేములో పెట్టి అతికించి, బొమ్మ సరిగ్గా కనపడేట్టు పట్టుకుని, ఎడమ వైపు కింది మూల ఎర్ర చుక్క పెట్టాలి. ప్రొజెక్టరులో వేసేవాళ్ళు ఆ చుక్క మీద కుడి బొటనవేలు పెట్టి తలకిందులుగా దించితే గోడ మీద బొమ్మ నిలబడుతుంది. చదువు లేనిదాన్ని, ఆసుపత్రి పని నా చేత చేయిస్తున్నారని ఎంత గర్వపడేదాన్నో.

ఒక డబ్బా మీద ఆయన చేతిరాతతో "మా పిచ్చుక" అని ఉంది. నీ కళ్ళే. కొత్త కెమెరా, కొత్త రంగుల ఫిల్ము. రోగులకు పెట్టేముందు ఒకసారి చూసుకోవాలని ఆరేళ్ళ నిన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. కదలకుండా ఉంటే పిప్పరమెంటు ఇస్తానన్నారు. ఆ బొమ్మల్లోనే కదా నీ ఎడమ కంటి వెనక పొరకి చిల్లు ఉందని తెలిసింది. ఆపరేషన్ చేశారు, చీము పట్టింది, కన్ను పోయింది. తర్వాత రోగం కుడి కంటికి పాకిందన్నారు.

ఆ డబ్బా ఇవ్వమంటావా, వద్దంటావా? నీ కళ్ళు కాబట్టి నిన్నడుగుతున్నాను. వెంటనే రాయి. ఆలస్యమైతే నీకేదో అయిందని నేనిక్కడ లెక్కలు వేసుకుంటాను.

మీ వదిన


జూలై 11

వదినా,

లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే ఏమనుకోకు. భూతద్దం ఒక చేత్తో, పెన్ను ఒక చేత్తో, కాగితం మీద పిల్లి.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మోకాలు ఉంది. పై వాటా ఆవిడ ఆయాసపడుతూనే మొగుణ్ణి తిడుతోంది, కాబట్టి ఇద్దరూ క్షేమం. పిల్లి నాకంటే బాగా తింటోంది. కన్ను సంగతి అడిగావు. డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. అర్థమైంది కదా? పాత చిల్లు దగ్గర పొర మళ్ళీ ఊడుతోందట. సెప్టెంబరు ఇరవైన ఆపరేషన్. తర్వాత వెలుగు ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు. గాజు కన్ను ఒకటి ఉండనే ఉంది, రెండోది కూడా పెట్టించుకుంటే జత కుదురుతుంది.

డబ్బా ఎవరికీ ఇవ్వకు. నాకు పంపించు. నేను నా ఎడమ కన్ను ఎప్పుడూ చూడలేదు. ఆరేళ్ళప్పుడు అద్దంలో చూసే ఉంటాను, ఏం గుర్తుంటుంది? గాజు కన్నైతే రోజూ కడుగుతాను. అసలుది రంగుల్లో ఉందంటున్నావు. ఈ మిగిలిన కంటితో, ఇది కూడా పోకముందు, ఒక్కసారి దాన్ని చూడాలి. నేను ఇంకేమీ అడగడం లేదు ఎవర్నీ.

అన్నయ్య ఫోటో గోడకి పెడతారా! పెట్టనీ. కింద ఇది కూడా రాయమను: కొత్త కెమెరా ఫ్లాషు చెల్లెలి కంట్లో పదిసార్లు కొట్టి, పిప్పరమెంటు ఇచ్చినవాడు. నాకు పదేళ్ళప్పుడు మొహం మీదే అడిగాను, "నీ లైటు వల్లేనా నా కన్ను పోయింది" అని. "అవును, నా లైటే" అన్నాడు. కనీసం అబద్ధమైనా చెప్పలేదు. ఎక్స్ఛేంజీలో నా పక్క సీట్లవాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోతుంటే, నన్ను చూడటానికి వచ్చినవాళ్ళు కళ్ళజోడు తీయమని అడిగి, తీశాక కాఫీ సగంలో వదిలేసి లేచిపోతుంటే, ఆ "అవును" నాకు వినపడుతూనే ఉండేది. అందుకే పోయేముందు చూడటానికి రాలేదు, పోయాకా రాలేదు. నీకది కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ నన్ను పెంచింది నువ్వు. జడ వేసింది నువ్వు, కట్టు విప్పేటప్పుడు నా అరచేతిని నీ చెంప మీద పెట్టుకుంది నువ్వు. ఆ ఇంట్లో నాకున్నది నువ్వొక్కదానివే.

డబ్బా పంపించు.

పిచ్చుక


జూలై 19

పిచ్చుకకి,

ఒంటరిగా రోడ్డు దాటకు. ఆ డాక్టరు కాక ఇంకో డాక్టరుకి చూపించకూడదా? పై వాటా ఆవిడని తోడు తీసుకెళ్ళు, ఆవిడకి ఆయాసమైతే వాళ్ళాయన్ని తీసుకెళ్ళు, ఆయనకి కాలు బాగాలేకపోతే ఎవర్నైనా. నీళ్ళు వేడి చేసేటప్పుడు స్టవ్వు ఆర్పావో లేదో చేత్తో తడిమి చూడకు, కాలుతుంది.

మీ అన్నయ్యని అంతంత మాటలనకు. ఫ్లాషు వల్ల పొరకి చిల్లు పడదట, ఆ అమ్మాయి చెప్పింది. రోజుకి వందమందికి ఆ లైటు కొడతారట, ఎవరికీ ఏమీ కాదట. మరి ఆయన "అవును" అని ఎందుకన్నారో నాకు తెలియదు. ఆయన అలా అన్నారని కూడా నాకు నువ్వు రాస్తేనే తెలిసింది.

మొన్న ఆ అమ్మాయి వెలుగు పెట్టె, చిన్న భూతద్దం తెచ్చుకుని మన భోజనాల బల్ల మీదే పెట్టుకుని అన్నీ చూసింది. నీ డబ్బా కూడా చూసింది. నేను వద్దనేలోపే తెరిచేసింది. ఏదో అడిగింది. పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పాలేమీ లేవు.

నీ స్లైడ్లు పాడైపోయాయి, పిచ్చుకా. నాలుగింటికి నాలుగూ బూజు తినేసింది. చూడటానికి ఏమీ లేదు, తెల్లటి పోగులే. పంపినా నీకు బాధ. అందుకని పంపడం లేదు. మిగతా డబ్బాలు ఆ అమ్మాయి తీసుకెళ్ళింది. వాటిలో నువ్వు సైకిల్ తొక్కుతున్నది ఒకటి ఉంది, ఎర్ర సైకిల్, పక్కన ఆసుపత్రి గేటు. కావాలంటే అది అడిగి పంపిస్తాను. దాంట్లో నువ్వు నవ్వుతున్నావు.

కన్ను గురించి ఎక్కువ ఆలోచించకు. ఆలోచిస్తే నరాల మీద పడుతుంది.

మీ వదిన


జూలై 28

వదినా,

ముప్పై ఏళ్ళు హెడ్‌సెట్ పెట్టుకున్నాను. లైన్లో ఎవరు అబద్ధమాడుతున్నారో మొదటి మూడు మాటల్లో తెలిసిపోయేది. నీ ఉత్తరంలో కూడా తెలిసిపోయింది. పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళినదానివి, పాలు లేవని నాకెందుకు రాశావు? సగం నిజం బయటపడితే మిగతా సగం దాగుతుందనుకున్నావా?

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది. ఇంకా సీలు తీయని మంచితనం అంతా ఆ పిల్ల గొంతులో ఉంది. నా స్లైడ్లకి ఒక మూల రెండు బూజు చుక్కలు తప్ప ఏమీ కాలేదట. "రంగులు నిన్న తీసినట్టున్నాయండీ" అంది. డబ్బా నీ దగ్గరే ఉందట, నువ్వు ఇవ్వలేదట.

అంటే నువ్వు వాడి పక్షాన నిలబడ్డావు. ఆ బొమ్మలు చూస్తే ఫ్లాషు చేసిన పని నాకు కనపడుతుందని నీ భయం. పోయినవాడి పరువు కోసం, బతికున్నదాని చివరి చూపు కాజేశావు. బాగుంది.

నేనూ ఊరుకోలేదు. ఆ అమ్మాయికి అంతా చెప్పాను. మీరు గోడకి ఎక్కిస్తున్న పెద్దమనిషి సొంత చెల్లెలి కన్ను పోగొట్టాడని, నేనే ఆ చెల్లెల్నని, కావాలంటే ప్రారంభానికి వచ్చి గాజు కన్ను తీసి బల్ల మీద పెడతానని. పాపం, ఆ పిల్ల పెద్దవాళ్ళకి చెప్తానని ఫోను పెట్టేసింది. మర్నాడు వాళ్ళ పెద్దాఫీసరు ఫోన్ చేశాడు. గొడవలెందుకని అన్నయ్య ఫోటో, పేరు తీసేస్తున్నారట. స్లైడ్లు మాత్రం పెడతారు, ఎవరు తీశారో రాయరు.

ఇంకోటి కూడా విను. నువ్వెప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. అన్నయ్య పోయే వారం ముందు ఒక మధ్యాహ్నం మీ ఇంటి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాను. ఎత్తలేదు. రింగులు లెక్కపెట్టాను. ఇరవై రెండు. ఇరవై మూడోది వస్తే ఎత్తుదామనుకున్నాను. రాలేదు.

నా డబ్బా నువ్వు ఇవ్వలేదు, వాడి ఫోను నేను ఎత్తలేదు. ఇప్పుడు చెప్పు, లెక్క సరిపోయిందా?

పిచ్చుక


ఆగస్టు 6

పిచ్చుకకి,

ఆ అమ్మాయి మొన్న వచ్చి, గోడకని పెద్దది చేయించిన మీ అన్నయ్య ఫోటో నాకిచ్చేసి వెళ్ళింది. తలుపు దగ్గరే నిలబడి ఇచ్చింది, లోపలికి రాలేదు. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను. ఆయన మొహం చూడలేక. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ఈసారి చించను.

ఆ అమ్మాయి అడిగింది ఇది. "అమ్మమ్మా, ఈ నాలుగు స్లైడ్లకే రెండేసి చుక్కలు ఎందుకున్నాయి?" అని. ఎడమ వైపు కింద నేను పెట్టిన ఎర్ర చుక్క ఉంది. దాన్ని బ్లేడుతో గీకేశారు, అయినా ఎరుపు కనపడుతోంది. అట్ట తిప్పితే వెనక వైపు, మళ్ళీ ఎడమ కింది మూలే, పెన్సిల్ చుక్క ఉంది. ఫ్రేములు ఒకసారి విప్పి, లోపల చూసి, మళ్ళీ అతికించారట, జిగురు రెండు రకాలుగా ఉందట. చిల్లు ఉన్న బొమ్మ అట్ట మీద మీ అన్నయ్య రాతలో "ఎడమ" అని రాసి, కొట్టేసి, "కుడి" అని రాసి ఉంది. దాని పక్కన తేదీ. అది నీ ఆపరేషన్ అయిన నాలుగో రోజు. నీ పెదవులు ఎండిపోయి, కట్టు కింద నుంచి చీము కారిన రోజు. నాకా తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను వంటింట్లోంచి తిరిగొచ్చాక ఆ అమ్మాయి ఒక విరిగిన స్లైడు తీసి నాకు చూపించింది. ఫిల్ముకి రెండు వైపులుంటాయి. ఒకటి నున్నగా మెరుస్తుంది, రెండోది మసకగా ఉంటుంది. మెరిసే వైపు మన మొహం వైపు పెట్టుకుంటే బొమ్మ సరిగ్గా ఉంటుంది. మసక వైపు పెట్టుకుంటే అద్దంలోలా తిరగబడుతుంది. మనిషి ఫోటో అయితే చొక్కా బొత్తాలు చూసైనా పోల్చుకోవచ్చు. కంటి లోపలి బొమ్మ అలా కాదు. నారింజ రంగు చందమామ, దాని మీద ఒక పక్కగా తెల్ల మచ్చ. ఆ మచ్చ ఏ పక్కనుంటే అది ఆ కన్ను. బొమ్మ తిరగబడితే కుడి కన్ను ఎడమ కన్నయిపోతుంది, ఎడమది కుడిదయిపోతుంది. రెండూ కలిసి తిరగబడితే ఇక ఎవరికీ అనుమానం రాదట.

నాకు పంతొమ్మిదేళ్ళు, పిచ్చుకా. మీ ఇంటికి వచ్చి మూడు నెలలు. నీ ఫిల్ము కడిగి వచ్చిన రోజున మీ అన్నయ్యకి జ్వరం, ముసుగు తన్ని పడుకున్నారు. మర్నాడు బయటి ఊరి నుంచి పెద్ద డాక్టరు వస్తారు, ఒక్క పూటే ఉంటారు, రంగుల బొమ్మలు ఎలా వచ్చాయో ఆయనకు చూపించాలి. అప్పటిదాకా ప్రతి ముక్కా ఆయన పక్కన కూర్చుంటేనే కత్తిరించేదాన్ని. ఆ రోజు లేపడం ఇష్టంలేక, నాకు చేతనవుననుకుని, ఒక్కదాన్నే కూర్చున్నాను. నాలుగు బొమ్మలున్న ముక్క. దాన్ని మసక వైపు పట్టుకున్నాను. ఎందుకంటే మెరిసే వైపు కిటికీ వెలుగు పడి కళ్ళలో కొడుతోంది. అంతే కారణం. ఎంతో జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి, నాలుగింటికీ ఎర్ర చుక్క పెట్టాను. చుక్కలు గుండ్రంగా వచ్చాయని మురిసిపోయాను కూడా.

పొద్దున మీ అన్నయ్య జ్వరంతోనే లేచి, నా చుక్క చూసి దాని ప్రకారం కుడి, ఎడమ రాసుకుని పట్టుకెళ్ళారు. నీ కంట్లోకి లైటు వేసి చూద్దామంటే నువ్వు ఏడ్చి డాక్టరు చేతిని కొరికావట. ఆయన గోడ మీది బొమ్మే చూసి ఎడమ కంటికి చిల్లుందన్నారు. వెళ్ళేలోపు ఆపరేషన్ చేసి వెళ్ళిపోతానన్నారు. చిల్లు ఉన్నది నీ కుడి కంటికి, పిచ్చుకా. ఇప్పుడున్న కంటికి. కోసింది మంచి కన్ను. రోగం ఎక్కడికీ పాకలేదు. ఉన్నచోటే ఉంది.

నాలుగో రోజున మీ అన్నయ్యకి అనుమానం వచ్చి విప్పి చూసుకుని ఉంటారు. ఆ తర్వాత ఆయన నా చేత ఒక్క స్లైడు కూడా ముట్టించలేదు. "నీ చెయ్యి వణుకుతోంది, వద్దులే" అన్నారు. నా చెయ్యి అప్పుడు వణికేది కాదు. చదువు రానిదాన్నని పక్కన పెట్టారని యాభై ఏళ్ళు లోలోపల కుళ్ళుకున్నాను. నువ్వు ఫ్లాషు సంగతి అడిగితే ఆయన "అవును" ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది. నీకెవరో ఒకరు దోషి కావాలి. నీకు జడ వేయడానికి నేను కావాలి.

బూజు పట్టిందని నీకు రాసేనాటికి నాకిదంతా తెలుసు. ఆయన పరువు కోసం కాదు. నాకు ఉత్తరం రాసేది నువ్వొక్కదానివే, అందుకని. నా అబద్ధం వల్ల ఆయన పేరు గోడ మీద నుంచి దిగిపోయింది. రెండుసార్లు నా తప్పు ఆయన మీద పడింది.

ఆ మధ్యాహ్నం ఫోన్ చేసింది నేనే. ఆయన చెవి దగ్గర రిసీవరు పట్టుకున్నదీ నేనే. నాకు రింగులు వినపడవు, ఆయన మొహమే చూస్తున్నాను. చివరికి చేత్తో ఇక చాలన్నట్టు చూపించారు. "పడుకుని ఉంటుంది, పిచ్చుక" అన్నారు.

ఈ ఉత్తరం ఎవరిచేతైనా చదివించుకోకు, నువ్వే చదువుకో. కన్ను నొప్పి చేస్తే ఆగి చదువుకో. మందు వేసుకున్నావా?

మీ వదిన


ఆగస్టు 21

వదినా,

చదవడానికి మూడు రోజులు పట్టింది. కన్ను బాగాలేక కాదు.

నీకు క్షమాపణ కావాలేమో. నా దగ్గర ఉందేమోనని వెతకను కూడా వెతకలేదు. పిల్లవి, తెలియక చేశావు, కిటికీ వెలుగు కళ్ళలో కొట్టింది. అన్నీ ఒప్పుకుంటాను. నీ కళ్ళలో వెలుగు కొట్టిందని నా కళ్ళు పోయాయి. "పడుకుని ఉంటుంది" అని వాడు అనుకుని పోయాడు. నేను పడుకోలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాను. ప్రేమించాల్సినవాణ్ణి తిట్టుకుంటూ, తిట్టాల్సినదాని చెంప తలుచుకుంటూ యాభై నాలుగేళ్ళు గడిపాను. కన్ను పోతే గాజుది పెట్టారు. దీనికేం పెడతారు?

ఇక నేను చెప్పినట్టు చెయ్యి.

ఒకటి. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అన్నయ్య ఫోటో మళ్ళీ గోడకి ఎక్కిస్తారు, పొరపాటు పడ్డానని చెప్పాను. కింద ఒక ముక్క అదనంగా రాయమన్నాను: "స్లైడ్లకు ఎర్ర చుక్కలు పెట్టినది ఆయన భార్య." అంతే, ఇంకేమీ చెప్పలేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళంతా చదివి, చదువు లేకపోయినా మొగుడి పనిలో ఎంత సాయపడిందో అని నిన్ను మెచ్చుకుంటూ పోతారు. రోజూ మెచ్చుకుంటారు. నువ్వు పోయాక కూడా.

రెండు. నేను వస్తున్నాను. ఆ నాలుగు స్లైడ్లూ, ప్రొజెక్టరూ సిద్ధంగా ఉంచు. నీ చేత్తోనే వెయ్యాలి. మొదట నువ్వు ఆ రోజు పెట్టినట్టే, తిరగేసి వెయ్యి. నేను చాలనేదాకా ఉంచు. తర్వాత సరిగ్గా వెయ్యి. గోడ మీద తేడా నా కంటితో చూడాలి. పక్కన నువ్వు నిలబడి చూడాలి.

మూడు. నా కన్ను ఎలా ఉందని ఇక నువ్వు అడగకూడదు. ఉత్తరంలో గానీ, ఎదురుగా గానీ. ఆ ప్రశ్న నీ నోట వినలేను. మిగతావి ఎన్నైనా అడుక్కో.

ఏ రోజు రమ్మంటావో నువ్వే రాయి. ఇరవైలోపు.

పిచ్చుక


ఆగస్టు 30

పిచ్చుకకి,

నీ మోకాలు ఎలా ఉంది? మీ పై వాటా ఆవిడకి ఆయాసం ఎలా ఉంది? ఆవిడ మొగుడు కర్ర లేకుండా నడుస్తున్నాడా? నువ్వు ఇక్కడికొస్తే పిల్లికి పాలెవరు పోస్తారు? అడగొద్దన్నది అడగడం లేదు. ఇక్కడ ఒక లైను ఖాళీగా వదిలి, ముందుకి రాస్తున్నాను.

ఆ అమ్మాయి నిన్న మళ్ళీ లోపలికొచ్చి కూర్చుంది. ఫోటో తీసుకెళ్ళింది. పోతూ పోతూ, "అమ్మమ్మా, మీ గురించి కూడా రాస్తున్నాం, మీ ఆడపడుచుగారే పట్టుబట్టి రాయించారు, ఎంత మంచావిడో!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. అవునమ్మా అన్నాను. నవ్వాను కూడా. ప్రారంభానికి ముందు వరసలో కుర్చీ వేస్తారట. వెళ్ళి కూర్చుంటాను. వాళ్ళు చప్పట్లు కొడితే కూర్చునే ఉంటాను.

ప్రొజెక్టరు అటక మీద నుంచి దింపించాను. మెకానిక్కు వచ్చి ఫ్యాను తుడిచి నూనె వేశాడు. బల్బు వెలిగింది, ఇంకో బల్బు తెప్పించి పక్కన పెట్టాను. మధ్యలో పోతే నువ్వు నేనే ఆర్పేశాననుకుంటావు. ఫ్యాను ఆగితే ఆ వేడికి బొమ్మ ఉబ్బి కాలిపోతుందట. అందుకని నువ్వు చూసినంతసేపూ నేను ఫ్యాను మీద చెయ్యి పెట్టుకుని ఉంటాను. తెల్ల తొడుగులు పెట్టె అడుగున దొరికాయి. పసుపు రంగుకి తిరిగాయి. ఉతికి ఆరేశాను. ఇప్పటికీ నా చేతికి సరిపోయాయి.

సైకిల్ స్లైడు పెట్టి రోజూ అలవాటు చేసుకుంటున్నాను. నీ కళ్ళవి ముట్టుకోలేదు, నువ్వు వచ్చాకే తీస్తాను. ఒక్కటే భయం. సరిగ్గా వెయ్యడం ఇప్పుడు బాగా వచ్చింది. తిరగేసి వెయ్యడమే రావడం లేదు. మసక వైపు, మసక వైపు అని పైకి అనుకుంటూ పట్టుకుంటున్నాను. తీరా దించేసరికి చెయ్యి దానంతట అదే తిప్పేస్తోంది, గోడ మీద ఆసుపత్రి గేటు ఉండాల్సిన పక్కనే ఉంటోంది. నిన్న పన్నెండుసార్లు వేస్తే మూడుసార్లు మాత్రం తప్పుగా వేశాను. నువ్వు వచ్చేలోపు నేర్చుకుంటాను.

నీకు కింది గదిలో పక్క వేస్తాను, మెట్లు ఎక్కే పని లేదు. బస్సు దిగేటప్పుడు కండక్టరుని చెయ్యి పట్టుకోమను, సిగ్గుపడకు. స్టాండు దగ్గర నేను నిలబడి ఉంటాను. గుర్తుపట్టడానికి తెల్ల తొడుగులు వేసుకుని వస్తాను.

ఉదయం వెలుతురు ఎక్కువ, గోడ మీద రంగులు తేలిపోతాయి. అందుకని కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టిస్తున్నాను. ఆ భోజనాల బల్ల పక్క కిటికీకి కూడా.

సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. తొమ్మిదింటి బస్సు ఎక్కితే పదకొండుకల్లా దిగుతావు.

మీ వదిన